ముగ్గు చెదరని పడవ

ఇలాంటివి రిటైరయ్యాక రాస్తారు. నేను ఒకసారి రిటైరయ్యాను కాబట్టి ఆ అర్హత నాకూ ఉందనుకుంటున్నాను. ఇరవై ఎనిమిదో ఏట, ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు, మా ఫ్యాక్టరీలో నాకు గాజులు తొడిగి, పూలదండ వేసి, ఒక గోడగడియారం చేతిలో పెట్టారు. అది సీమంతమో వీడ్కోలు సభో ఆ రోజు నాకు అర్థం కాలేదు. మా ఓనరు మైకు పట్టుకుని "మా ఇంటి ఆడబిడ్డ లాంటిది" అన్నప్పుడు కూడా అర్థం కాలేదు. ఆడబిడ్డను ఇంట్లోంచి సాగనంపుతారన్న సంగతి తర్వాత తట్టింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, బిడ్డ పుట్టాక మళ్ళీ పనిలోకి ఎట్లా రాగలిగారక్కా అని. ఒక్క ముక్కలో చెప్పలేక "పడవ ముంచి" అంటాను. నవ్వి వెళ్ళిపోతారు. వాళ్ళ కోసమే ఇది. పాప నిద్రపోయింది. తలుపు గడియ రెండుసార్లు చూసి వచ్చాను. గ్యాసు సిలిండరు ఇంకోసారి చూడాలి గానీ, ఈలోగా మొదలుపెడతాను.

మా ఫ్యాక్టరీ చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఫైబరు ట్యాంకులు చేస్తాం. మిద్దెల మీదికి, పాల కేంద్రాలకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసింది ట్యాంకు కారుతుందో లేదో చూసే పని. చూసే పద్ధతి మాత్రం నా చదువులో లేదు. ట్యాంకును ఎత్తు దిమ్మెల మీద పెట్టి, కింద నేలంతా ముగ్గుపిండి జల్లి, నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలేస్తాం. ఎక్కడ ఒక్క చుక్క పడినా తెల్లని పిండిలో చిన్న గుంట కనిపిస్తుంది. పైకి చూస్తే కన్నం అక్కడే ఉంటుంది. ముగ్గు చెదరకపోతే ట్యాంకు పాసు. ఈ పద్ధతి మా మేస్త్రీది. ఓనరుకు మీసాలు రాకముందు నుంచి ట్యాంకుల పనిలో ఉన్న మనిషి ఆయన. "కంప్యూటరు అబద్ధం చెప్తాది గానీ ముగ్గు చెప్పదు మ్మా" అనేవాడు. నేనూ నమ్మాను. ముగ్గు నిజంగానే అబద్ధం చెప్పలేదు. మేము అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది.

పాప పుట్టాక ఓనరుకు రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ ఆయన పాప బాగోగులే అడిగాడు. "పిల్ల నడిచేదాకా ఉండు మ్మా, యాడికి పోతాది ఉద్యోగం?" అన్నాడు. ఉద్యోగం యాడికి పోయిందో నాకు తెలుసు. నా కుర్చీలో ఆయన బావమరిది కొడుకు కూర్చున్నాడు.

అంతలో మామిడి సీజను వచ్చింది, దాంతోపాటు పడవ వచ్చింది.

సూళ్లూరుపేటలో స్థిరపడిన ఒక పెద్దాయన, రైల్వేలో రిటైరైన మనిషి, చెన్నైలో పడవ పందేలు ఆడేవాళ్ళు వదిలేసిన ఒక చిన్న తెరచాప పడవను కొన్నాడు. నలుగురు పడతారు. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉండటంతో రంగు పెచ్చులు లేచిపోయింది, అడుగున చెయ్యి దూరేంత చిల్లు ఉంది, తెరచాప కొయ్య మొదట్లోనే పగిలింది. దాన్ని బాగుచేయించి, తమకు తగ్గట్టు మార్పించుకుని, పులికాట్ ఉప్పునీటి సరస్సులో భార్యను ఎక్కించుకుని తిరగాలన్నది ఆయన కోరిక. ఆ ఊళ్ళో అందరూ రాకెట్లు పైకి పోవడం చూస్తుంటే ఈయన ఒక్కడు పడవ ముందుకు పోవాలని కోరుకున్నాడు. ఎవరో చెప్తే మా ఓనరు దగ్గరికి వచ్చాడు.

"ఫైబరే గదా సార్. ట్యాంకయితే ఏంది, పడవయితే ఏంది, నీళ్ళతో యవ్వారమే గదా" అని మా ఓనరు ఒప్పేసుకున్నాడు. తీరా చూస్తే ఫ్యాక్టరీలో గుజ్జువాళ్ళ ట్యాంకుల మధ్య కాలు పెట్టే సందు లేదు. అప్పుడు ఆయనకు ఆడబిడ్డ గుర్తొచ్చింది.

"మీ ఇంటి ముందర రేకుల షెడ్డు ఉండాదే, కారు కొన్నారా మ్మా?" అని ఫోను.

"లేదు సార్."

"మంచిదయింది. దాంట్లో పడవ పెట్టుకో. ఇంటి పట్టున ఉండి చేసుకోవచ్చు. మేస్త్రీని ఆదివారాలు పంపిస్తా. ఇది బాగా వచ్చిందంటే పడవల పని మొత్తం నీకే, ఫ్యాక్టరీలో వేరే గది."

"బాగా రాకపోతే సార్?"

"రాకపోతే ఏముంది, పాపను బాగా సూసుకో."

ఉద్యోగంలో నాకు వచ్చిన షరతులన్నింటిలోకీ అంత మర్యాదైనది ఇంకొకటి లేదు.

మా ఆయన పలమనేరు పాల కేంద్రంలో లెక్కలు చూస్తాడు. పొద్దున బస్సెక్కి రాత్రికి దిగుతాడు. పడవ దించిన రోజు రాత్రి షెడ్డులో దాన్ని చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, "జాగ్రత్త" అని మాత్రం అని భోజనానికి కూర్చున్నాడు. మాట్లాడాల్సిందంతా మా అత్తమ్మ మాట్లాడింది.

"పసిబిడ్డ ఉండే కొంపలో ఆ కంపేందే? ముక్కులు పగిలిపోతాండాయి. సెప్తాండా వినుకో, పాపకు ఒక్క తుమ్ము వచ్చినాదంటే పడవ రోడ్డు మీద ఉంటాది."

ఆమె అనకపోయినా నాకు ఆ భయం ఉంది. ఫైబరు పనిలో వాడే రెజిన్ జిగురు ఘాటు తెలిసినదాన్ని. అందుకని పని మొదలుపెట్టే ముందు షెడ్డు దగ్గర ఒక ఊదొత్తి వెలిగించేదాన్ని. పొగ రోడ్డు వైపు పోతే పని. ఇంటి వైపు తిరిగితే డబ్బాలు మూసేసి లోపలికి. మా వీధిలో ఏ వేళకు గాలి ఎటు తిరుగుతుందో, ఎదురింటి గోడకు తగిలి ఎట్లా వెనక్కి వస్తుందో అన్నీ తెలిసిపోయాయి. తెరచాప పని చేసేవాళ్ళు గాలి నేర్చుకోవాలంటారు. నేను నేర్చుకున్నాను, కాకపోతే పడవ కోసం కాదు. వీధివాళ్ళు మాత్రం నేను రోజూ పడవకు పూజ చేస్తున్నానని అనుకున్నారు. ఒకావిడ పసుపు కుంకుమ కూడా తెచ్చింది.

వేళాకోళానికి కొదవ లేదు. చిత్తూరులో ఆ ఎండాకాలం వారానికోసారి ట్యాంకరు వస్తే పండగ. అలాంటి ఊళ్ళో ఇంటి ముందు పడవ.

"ఏమ్మా, అంత వాన వస్తాదని టీవీలో చెప్పినారా?"

"నీవా నదిలో వదుల్తారేమో. అందులో పిలకాయలు క్రికెట్టు ఆడతాండారు, రవ్వంత జరగమని చెప్పండి."

అత్తమ్మ లోపల నన్ను తిట్టేది, బయట వాళ్ళను తిట్టేది. "నవ్వండి, నవ్వండి. రేపు సముద్రం ఈడికొస్తే మా గడప తొక్కకండి" అనేది.

పని బాగానే సాగింది. చిల్లు చుట్టూ చెడిన ఫైబరంతా కోసేసి కొత్త పొరలు వేశాను. పుస్తకం ప్రకారం ఎన్ని పొరలు చాలో తెలుసు. కానీ ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు ఇందులో కూర్చుంటారన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో పొర వేసేదాన్ని. ఆ ఆలోచన తరచుగా వచ్చేది. మేస్త్రీ ఆదివారం వచ్చి వేలితో తట్టి, "ఇది పడవా, బీరువానా మ్మా?" అన్నాడు.

ఇక మార్పుల సంగతి. అవన్నీ పెద్దాయన భార్య ఫోనులో చెప్పినవి.

"నా మోకాళ్ళు వంగవు అమ్మాయ్. కుర్చీలో మాదిరి కాళ్ళు కిందికి పెట్టి కూర్చోవాల. వీపుకు ఆనుడు ఉండాల. కాఫీ ఫ్లాస్కు పెట్టుకునేదానికి గుంట ఉండాల. ఇవన్నీ ఉంటే ఎక్కుతా. లేకుంటే ఆయన్ని ఒక్కడినే పొయ్యి చేపల్ని పలకరించి రమ్మను."

"ఈత వచ్చా అమ్మా మీకు?"

"ఈతొస్తే నీకెందుకు ఫోను చేస్తా?"

ఈ మార్పు కోసం ఒక పక్క బల్లను బాగా ఎత్తు చేశాను. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇలాంటి పడవల్లో కూర్చునే బల్లల కింద ఖాళీగా మూసిన అరలు ఉంటాయి. వాటిలో గాలి తప్ప ఏమీ ఉండదు. పడవ తిరగబడినా ఆ గాలే దాన్ని మునగనివ్వదు. ఒక్కో అరకు మరచెంబు మూత లాంటి తిప్పే మూత ఒకటి ఉంటుంది. గాలి దాచుకునే అరకు మూత ఎందుకని నాకు అనిపించింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో పాప చేతికి అందగలిగిన ప్రతి సొరుగుకూ గొళ్ళెం పడి ఉంది. పాప అప్పటికి కూర్చోవడమే నేర్చుకుంది. గొళ్ళేలు మాత్రం తను నిలబడి, నిచ్చెన వేసుకుంటే అందే చోటి దాకా బిగించాను. అత్తమ్మ పోపుల డబ్బా తీయాలంటే నన్ను పిలవాల్సి వచ్చేది. తెరిచే వీలున్నదాన్ని ఎవరో ఒకరు తెరుస్తారన్నది అప్పటి నా సిద్ధాంతం. నీళ్ళ మధ్యలో ఆ పెద్దావిడ ఫ్లాస్కు మూత అనుకుని దీన్ని తిప్పితే? మూతలు పీకేశాను. ఆ కంతల మీద ఫైబరు వేసి శాశ్వతంగా మూసేశాను. ఎంతో తృప్తిగా అనిపించింది.

పగిలిన తెరచాప కొయ్య మార్చాం. రంగు వేశాం, మా ట్యాంకుల నీలమే. ఇక పరీక్ష. పడవను పరీక్షించాలంటే నీళ్ళలో పెట్టాలి. చిత్తూరులో నీళ్ళు ఎక్కడివి? నేను ఆలోచిస్తూ ఉండగానే మేస్త్రీ ముగ్గుపిండి సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"నీళ్ళలో పడవ పెట్టేది ఎంతో, పడవలో నీళ్ళు పెట్టేదీ అంతే గదమ్మా. కన్నముంటే ఎట్లయినా కారాల్సిందే."

ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. ఓనరుకు ఫోను చేస్తే ఆయనకూ దొరకలేదు. ముగ్గురం ట్యాంకుల మనుషులం. మాకు లోకంలో నీళ్ళకు తెలిసిన దారి ఒక్కటే, లోపలి నుంచి బయటికి.

పడవ కింద ఇసుక మూటలు గట్టిగా పేర్చి ఎత్తులో నిలబెట్టాం. నేల మీద పిండి జల్లబోతే అత్తమ్మ మేస్త్రీ చేతిలోంచి సంచి లాక్కుంది.

"జల్లితే సాలు అక్కా" అన్నాడు మేస్త్రీ.

"ముగ్గుపిండి చేతిలో పెట్టుకోని జల్లేదెట్లబ్బా, కోళ్ళకు గింజలేసినట్ల!" అని పడవ కిందికి వంగి దూరి, మూటల మధ్య ఖాళీ ఉన్న మేరకు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసింది. పడవను తిట్టిన నోటితోనే "పడవ కింద ముగ్గు మా వీధిలో ఎవురన్నా ఏసినారా?" అంది.

ట్యాంకరును పిలిపించాం. డ్రైవరు పైపు పట్టుకుని వచ్చి, ఎక్కడ పోయాలో చూసి, "దీంట్లోనా?" అని అడిగి, సమాధానం విన్నాక కూడా ఇంకోసారి అడిగాడు. అంచుల దాకా నింపాం. ఎత్తు చేసిన బల్ల పక్కన అతుకు వెంబడి చిన్న చిన్న బుడగలు వస్తూ పోయాయి. ముత్యాల్లా బాగున్నాయి. పాపను ఎత్తుకుని చూపించాను కూడా. "కొత్త సరుకు, ఊపిరి పీల్చుకుంటాది" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పొద్దున చూస్తే ముగ్గు ఎక్కడిదక్కడే. ఒక్క మెలిక చెదరలేదు. పడవలో నీళ్ళు మాత్రం కాస్త తగ్గాయి.

"తగ్గినాయే అన్నా?"

"ఈ ఎండకు మనుసులే ఆవిరైపోతాండారు, నీళ్ళు ఒక లెక్కా మ్మా?"

ఒప్పుకున్నాను. ఆ నీళ్ళను పారబోయలేదు. వీధి ఆడవాళ్ళు బిందెలు, బకెట్లు తెచ్చి గిన్నెలు తోముకోవడానికీ బట్టలు తడుపుకోవడానికీ పంచుకున్నారు. చుక్క కూడా వృథా కాకూడదని అంత శ్రద్ధగా తోడుకున్న మా వీధికి, ఒక అరలో ఎన్నో బిందెల నీళ్ళు ఉండిపోయాయని తెలియదు. ఓనరు వచ్చి పడవ కింద గొంతు కూర్చుని ముగ్గుకు ఫొటో తీసుకున్నాడు. సూళ్లూరుపేటకు పంపించాడు. "ఒక్క చుక్క బయటికి రాలేదు సార్" అని ఫోనులో ఆయన చెప్తుంటే నాకు వేరే గది కనిపించింది. గోడగడియారం ఏ గోడకు తగిలించాలో కూడా అనుకున్నాను.

వ్యానులోకి ఎక్కించేటప్పుడు వచ్చినవాళ్ళు చాలక ఎదురింటాయన కూడా చెయ్యి వేయాల్సి వచ్చింది. దించేటప్పుడు ఇంత బరువు లేదన్నాడు ఎవరో. "మేడమ్మ పొరలు తక్కువేసిందా ఏమన్నా?" అన్నాడు మేస్త్రీ. అందరూ నా పొరల మీదే తోసేశారు. నేను మురిసిపోయాను. గట్టితనానికి మెచ్చుకోలు కదా.

ఫ్యాక్టరీ వ్యానులో ముందు రెండు వరసల సీట్లు. ముందు డ్రైవరూ ఓనరూ, వెనక వరసలో మేస్త్రీ, ఒళ్ళో పాపతో నేను, పాపకు కాపలాగా అత్తమ్మ. వెనక భాగంలో పడవ, తోకకు ఎర్రగుడ్డ. మలుపు వచ్చినప్పుడల్లా వెనక నుంచి గుడగుడమని చప్పుడు.

డ్రైవరు విన్నాడు. "సార్, పడవ కడుపులో ఏమో ఉడకతాండాది."

"నీళ్ళ క్యాను రా అది. రోడ్డు సూసి తోలు" అన్నాడు ఓనరు.

నేను ఆ సమయంలో పాప పొట్టకు చెవి ఆనించి ఉన్నాను. పాప కడుపులో గుడగుడ అంటే చాలు డాక్టరుకు ఫోను చేసే మనిషిని. దారిలో రెండుసార్లు చేశాను. ఆయన విసుగు దాచుకుని "అది మామూలేనమ్మా" అన్నాడు. తప్పు కడుపు వింటున్నానని ఆయనకు మాత్రం ఏం తెలుసు?

సరస్సు దగ్గర పెద్దాయన కొత్త చొక్కాతో, ఆయన భార్య ఫ్లాస్కుతో ఎదురుచూస్తున్నారు. జాలరులు కొందరు వలలు సర్దుకోవడం ఆపి చేరారు. మేస్త్రీ కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ పట్టుకుని దిక్కులు చూశాడు. "లారీకయితే టైరు కింద పెడతాం. దీనికి టైరు యాడుండాది?" చివరికి ఇసుకలో పడవ ముక్కు కింద పెట్టి, దాని మీదుగా పడవను నీళ్ళలోకి తోయించాడు. నిమ్మకాయ పచ్చడైపోయింది.

"ముందు మీరు పొయ్యి రాండి, నేను చూసి చెప్తా" అంది పెద్దావిడ.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "చేసిన మనిషి ఎక్కకుంటే మా ఆవిడ ఎక్కదమ్మాయ్. రా."

పాపను అత్తమ్మకు ఇచ్చాను. పుట్టిన తర్వాత తనను వదిలి వీధి చివరి అంగడి కంటే దూరం పోలేదు నేను. లైఫ్ జాకెట్టు తొడుక్కున్నాను. ఒడ్డునే ఉండబోయే పాపకు కూడా చిన్నది ఒకటి కొని తెచ్చాను, అదీ తొడిగాను. "పాపకు ఇంత అన్నం ఉడికించి తెచ్చినా. నీళ్ళలో పడితే గట్టిగా అరువు, వస్తాం" అని అత్తమ్మ ధైర్యం చెప్పింది.

చుక్కాని దగ్గర పెద్దాయన, మధ్యలో మేస్త్రీ, ముందు నేను. పడవ తేలింది. ఒడ్డు మీద చప్పట్లు. తేలింది గానీ, పెద్దావిడ బల్ల ఉన్న వైపుకు కొంచెం వాలి తేలింది.

"ఇదేంది, ఒక పక్కకు మొగ్గతాంది?" అన్నాడు పెద్దాయన.

"బరువున్నోణ్ణి నేను ఈ పక్క కూసుంటా సార్, సరిపోతాది" అని మేస్త్రీ రెండో పక్కకు జరిగాడు. నిజంగానే సరిపోయింది. తెరచాప నిండింది. పడవ కదిలింది. చెంపకు తగిలే గాలి ఎటు నుంచి వస్తోందో నాకు చూడకుండానే తెలిసింది. ముక్కు కింద నీళ్ళు చీలుతున్న చప్పుడు, ఒడ్డున చిన్నదవుతున్న పాప, ఏ భయమూ లేని ఒక నిమిషం. అలాంటి నిమిషం వచ్చిందన్న భయం వెంటనే పట్టుకుంది.

"తిప్పుతున్నా" అన్నాడు పెద్దాయన.

తిప్పాడు. తెరచాప ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చింది. ఇప్పుడు గాలి పడవను వాలి ఉన్న వైపుకే తోసింది. లోపలి నీళ్ళన్నీ గుడగుడమంటూ ఆ మూలకే పరిగెత్తాయి. ఈసారి నేను విన్నాను. పడవ విసురుగా కూడా తిరగబడలేదు. మధ్యాహ్నం భోజనం చేసిన మనిషి పక్కకు ఒరిగి పడుకున్నట్టు నెమ్మదిగా ఒరిగి పడుకుంది. "మ్మా, మ్మా, మ్మా" అంటూ మేస్త్రీ నా మీద, నేను పెద్దాయన మీద, ముగ్గురం నీళ్ళలో.

గట్టిగా అరిచాను. ఊపిరి బిగపట్టాను. కాళ్ళూ చేతులూ ఆడించాను. ఇంతలో పెద్దాయన గొంతు పైనుంచి వినిపించింది.

"లేచి నిలబడమ్మాయ్."

నిలబడ్డాను. నడుము లోతు. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఒడ్డున మా ఓనరు ఇదంతా ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నాడు. ఆపడం మరిచిపోయాడని తర్వాత చెప్పాడు.

జాలరులు వచ్చి అందరం కలిసి పడవను ఒడ్డుకు లాగాం. మేస్త్రీ ఒంటి నిండా బురదతో వంగి, ఒక బల్లను వేలితో కొట్టాడు. టంగుమంది. ఎత్తు చేసిన రెండో బల్లను కొట్టాడు. దబ్బుమంది, పండిన గుమ్మడికాయలాగా. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముత్యాల్లాంటి బుడగలు గుర్తొచ్చాయి. నీళ్ళు లోపలికి పోతే గాలి బయటికి రావాలి కదా. పై అతుకులో సూది మొన లాంటి సందులు. నీళ్ళు వాటిలోంచి అరలోకి దిగాయి. కింద నా పొరలు చుక్కను కూడా వదల్లేదు. తీసి చూడటానికి మూత లేదు.

వ్యానులో నుంచి బ్యాటరీ డ్రిల్లు తెచ్చి, ఆ బల్ల కింది అరకు అడుగు వైపు కన్నం పెట్టాడు మేస్త్రీ. ధార చిమ్మింది. ఆగలేదు. ఒక జాలరి దోసిలి పట్టి వాసన చూసి నాలుకకు తగిలించుకున్నాడు.

"మంచినీళ్ళబ్బా ఇయ్యి!"

"తాగొద్దన్నా, రెజిన్ ఉంటుంది" అని అరిచాను.

"యాడివి ఈ నీళ్ళు?"

"చిత్తూరువి" అన్నాడు మేస్త్రీ, తల ఎత్తకుండా.

"చిత్తూరులో నీళ్ళకు అల్లాడిపోతారని విన్నామే. మీరేందబ్బా, నిండా ఉండే సరస్సుకు నీళ్ళు మోసుకొచ్చినారు?"

ఒడ్డంతా నవ్వింది. డబ్బిచ్చి పోయించుకున్న మా వీధి నీళ్ళు ఇసుకలో కాలవ కట్టి సరస్సులో కలిసిపోతుంటే నిలబడి చూశాను. వేరే గది కూడా దాంతోనే పోయింది. గోడగడియారం ఇంట్లోనే ఉంటుందిక.

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. తడిసి ఒడ్డుకొచ్చిన భర్తనూ, ఇందాక ఆయన నడుము లోతులో నిలబడ్డ చోటునూ మార్చి మార్చి చూస్తోంది.

"ఏందండీ, ఇంతేనా లోతు?"

"ఈ పక్కన ఇంతే."

"పెళ్ళయినప్పటి నుంచి దీనికా నేను భయపడింది? కన్నం మూయించండి. ఎక్కుతా."

పడవను దులిపి, కన్నంలో గట్టిపడే ముద్ద పెట్టి మూశాం. ఎండింది. ఆమెను ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. కాళ్ళు కిందికి పెట్టి, వీపు ఆనించి, ఫ్లాస్కును గుంటలో పెట్టి, "బాగుండాది" అంది. ఒక్క మాటే. పడవ ఈసారి నిటారుగా తేలింది. తిప్పినా ఒరగలేదు. దూరంగా ఆమె కాఫీ పోస్తున్నట్టు కనిపించింది. అరల మూతలు మళ్ళీ పెట్టాలని పెద్దాయన దిగాక మెల్లగా చెప్పాడు. "తెరిచి చూసుకునేదానికి వీలుండాలమ్మాయ్" అన్నాడు. అవి ఎందుకున్నాయో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేను తీసేసినట్టు చెప్పలేదు కాబట్టి ఆయన అడగలేదు. తర్వాత వెళ్ళి పెట్టి వచ్చాను.

వస్తూ సూళ్లూరుపేటలో టీ అంగడి దగ్గర ఆగాం. ఓనరు ఒక గుక్క తాగాడు.

"పడవలు మనకొద్దు మ్మా" అన్నాడు.

"సరే సార్."

"వద్దంటే వద్దు." ఇంకో గుక్క తాగాడు. "అయితే ఒక మాట. చిత్తూరు నుంచి ఈడి దాకా, అన్ని మలుపుల్లో, అన్ని గుంతల్లో, ఆ బల్లలో నుంచి ఒక్క చుక్క బయట పడిందా?"

"లేదు సార్."

"వ్యానులో పొడిగా ఉండాది. నేను చెయ్యి పెట్టి సూసినా. గుజ్జువాళ్ళు లారీ మీద మోసే ట్యాంకులు కావాలని నా పానం తీస్తాండారు. మనోళ్ళు చేసేది పలమనేరు ఘాట్ రోడ్డు ఎక్కేలోపల కారిపోతాది. నువ్వు చేసింది పడవ కాదు మ్మా. ట్యాంకు."

ఆ నీళ్ళు లోపలికి దిగింది నా అతుకులోంచేనని చెప్పాలా వద్దా? ఇంజనీరుగా చెప్పాలి. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉన్న ఇంజనీరుగా చెప్పకూడదు. నోరు ఆగలేదు.

"సార్, పై అతుకులో సందులు ఉన్నాయి. నీళ్ళు అక్కడి నుంచే..."

"పైన ఉంటే ఏమ్మా? ట్యాంకుకు పైన ఎట్లాగూ కంత పెట్టే గదా మూత పెట్టేది" అన్నాడాయన. "సోమవారం వచ్చెయ్. మా బావమరిది కొడుకును అమ్మకాలకు పంపిస్తా. వాడికి కుర్చీ ఇచ్చినా అమ్మకాలోళ్ళ మాదిరే ఊరంతా తిరగతాండాడు."

అత్తమ్మ వైపు చూశాను. ఇప్పుడామె అనాల్సినవి నాకు కంఠతా వచ్చు. పాప ఎట్లా, పాలు ఎట్లా, ఎండలో ఎట్లా.

"పోనీలే. నేను సూసుకుంటా" అంది ఆమె.

"పాప ఏడిస్తే?"

"యాల ఏడస్తాది? నువ్వు నీళ్ళలో ఉన్నంతసేపూ సిన్నగా కూడా మూలగలా. పడవ ఒరిగినప్పుడు కిలకిలా నవ్వింది. నువ్వు పొట్ట మీద చెవి పెట్టకుంటే పిల్ల నిమ్మళంగానే ఉండాది."

పడవగా పనికిరానిది ట్యాంకుగా పనికొచ్చింది. నేను లేకపోతే ఉండలేదనుకున్న పాప నేను నీళ్ళలో పడితే నవ్వింది. ఒకే రోజు వచ్చిన ఈ రెండు మంచి వార్తల్లో ఏది ఎక్కువ నొప్పించిందో ఇప్పటికీ చెప్పలేను. సోమవారం మాత్రం పనిలోకి వెళ్ళాను. ఆ తర్వాత మేస్త్రీ ముగ్గు జల్లినప్పుడల్లా, నేను పైకెక్కి బుడగలు చూస్తూ వచ్చాను.

ఆ సాయంత్రం వ్యాను చిత్తూరు దారి పట్టింది. వెనక పడవ లేదు. మేస్త్రీ కునుకు తీస్తున్నాడు. ఒక మలుపులో గుడగుడమని చప్పుడైంది. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి ఖాళీ వ్యానులోకి చూశాను.

"ఇటు సూడు, పాప కడుపు" అంది అత్తమ్మ.

ఫోను నా చేతిలోనే ఉంది. డాక్టరుకు చేయలేదు. విన్నాను, అంతే.